స్టీల్‌హెడ్ కోసం ఒడ్డున నిలబడబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ చలికాలం వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కైకోమిష్ నది ఒడ్డున స్టీల్‌హెడ్ చేప కోసం గాలం వేయాలని సరదా పడుతున్నారట. మంచిదే. కానీ కర్ర చేతికి తీసుకునే ముందు చేప సంగతి కాస్త తెలుసుకోండి.

పులస గురించి ఇంట్లో వినే ఉంటారు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది విలస, వరదకి ఎదురెక్కి గోదావరిలోకి వచ్చాక పులస. స్టీల్‌హెడ్‌ది కూడా ఇలాంటి రెండు పేర్ల వ్యవహారమే. ఏట్లోనే పుట్టి ఏట్లోనే ఉండిపోతే దాన్ని రెయిన్‌బో ట్రౌట్ అంటారు. అదే జాతి చేప పసిఫిక్ మహాసముద్రానికి పోయి, రెండు మూడేళ్లు మేసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికి తిరిగొస్తే స్టీల్‌హెడ్. పసిఫిక్ సాల్మన్లు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. స్టీల్‌హెడ్‌లో కొన్ని బతికి సముద్రానికి పోయి ఇంకోసారి కూడా వస్తాయి. 1969 నుంచి వాషింగ్టన్ రాష్ట్ర చేప ఇదే.

పులసని వలతో పడతారు. దీన్ని మీరు గాలంతో పట్టాలి, చిక్కంతా అక్కడే ఉంది. చలికాలంలో ఎదురెక్కే స్టీల్‌హెడ్ ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద బతుకుతుంది. ఆకలితో ఎర కోసం పరుగులు తీయదు. పైగా డిసెంబరు నీళ్లు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటాయి, ఆ చలికి చేప ఒళ్లు బరువెక్కి అడుగునే ఉండిపోతుంది. కాబట్టి ఎర దాని ముక్కు ముందుకి రావాలి, అదీ అడుగు నీళ్లు ఎంత మెల్లగా పోతున్నాయో అంత మెల్లగా రావాలి. రాళ్ల ఒరిపిడి వల్ల అడుగున వడి తక్కువ, పైన ఎక్కువ. బరువు చాలని ఎర పై వడిలో పడి చేప తల మీదుగా కొట్టుకుపోతుంది. రోజంతా వేసినా చేప తగల్లేదని వాపోయేవాళ్లలో చాలామంది గాలం అడుగుని తాకనే తాకలేదు.

అందుకే ఈ ఉత్తరంలో ఎరని అడుగుకి దించే సీసం బరువు గురించే ఎక్కువ రాస్తాను.

కర్ర ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర అడుగులు ఉంటే చాలు. రీలు మీద 12 పౌండ్ల నైలాన్ దారం. దాని కొసకి చిన్న స్వివెల్, అంటే దారం మెలిపడకుండా గిర్రున తిరిగే లోహపు కొలికి. అవతల లీడర్, అంటే హుక్కు కట్టే పొట్టి దారం, 8 లేదా 10 పౌండ్లది రెండడుగులు. లీడర్ అసలు దారం కన్నా బలహీనంగా ఉండాలి. రాయికి హుక్కు చిక్కితే అదొక్కటే తెగి మిగతాదంతా మీ చేతికి తిరిగొస్తుంది. నీళ్లు తేటగా ఉంటే లీడర్ మూడడుగులు కట్టండి, మసగ్గా ఉంటే ఒకటిన్నర చాలు.

స్వివెల్‌కి ఒక అంగుళం రబ్బరు గొట్టం తగిలించి, దాంట్లో పెన్సిల్ లెడ్ దూర్చాలి. పెన్సిల్ లావున తీగలా దొరికే సీసం అది, 3/16 అంగుళం మందంది తెచ్చుకోండి. రెండంగుళాల ముక్కతో మొదలుపెట్టండి. ఈ గొట్టం ఎందుకంటే, సీసం రాళ్ల సందులో ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే ముక్క మాత్రం జారిపోయి గాలం బయటపడుతుంది. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా సమోసాలు తినకండి.

లీడర్ కొసన హుక్కు, దానికి కాస్త పైన బఠాణీ గింజంత కార్కీ. అది తేలే రంగు గోళీ, హుక్కుని అడుగు రాళ్ల నుంచి కొంచెం ఎత్తి పెడుతుంది. హుక్కుకి చిన్న ఊలు పోగు కూడా కట్టండి. అది చేప పళ్లకి చిక్కుకుంటుంది కాబట్టి, ఎరని ఉమ్మేసేలోపు మీకు ఒక క్షణం ఎక్కువ దొరుకుతుంది. ఎరగా ఊరబెట్టిన సాల్మన్ గుడ్లు, బొటనవేలి గోరంత ముద్ద. అంతకన్నా పెద్దది పెడితే విసిరినప్పుడే ఊడిపోతుంది. గుడ్లు నిలవాలంటే ఎగ్ లూప్ ముడి నేర్చుకోక తప్పదు. హుక్కు కాడకి దారం చుట్టే ముడి అది. దారాన్ని హుక్కు కంటిలోకి నెడితే ఉచ్చు తెరుచుకుంటుంది, ముద్దని అందులో పెట్టి లాగితే బిగుస్తుంది. ఇంట్లో బల్ల దగ్గరే ఇరవైసార్లు కట్టి చూడండి. ఒడ్డున, వానలో, వేళ్లు కొయ్యబారిపోయాక నేర్చుకునే ముడి కాదది.

ఇక విసరడం. తిన్నగా ఎదురుగా కాకుండా కాస్త ఎగువకి విసరండి. సీసం మునిగాక కర్ర ఎత్తిపట్టి, వదులు దారం చుట్టేసి, ఎర దిగువకి పోతున్న కొద్దీ కర్ర కొసని దానితో పాటు తిప్పండి. వేళ్లకి టక్, టక్ అని తెలియాలి. క్షణానికో రెండు క్షణాలకో ఒక తాకిడి ఉంటే లెక్క సరిపోయినట్టే. అసలు తాకకపోతే సీసం చాలలేదు, అరంగుళం పొడుగు ముక్క పెట్టండి. ప్రతిసారీ ఇరుక్కుంటే ఎక్కువైంది, అరంగుళం కత్తిరించండి. నాలుగడుగులు పక్కకి జరిగినా లోతు, వడి మారతాయి, మళ్లీ సరిచూసుకోవాలి. ఈ కత్తిరింపుకి బద్ధకించేవాడు చేపల కోసం మార్కెట్టుకి పోవడం మేలు.

చేప కరిస్తే దారం గుంజుకుపోతుందని అనుకుంటారు. చాలాసార్లు అలా ఉండదు. టక్ టక్ ఆగిపోతుంది, అంతే. లేదా ఎవరో మెత్తగా నమిలినట్టు ఉంటుంది. అనుమానం రాగానే కర్ర ఎత్తండి, రాయే అయితే పోయేదేమీ లేదు.

చేప ఎక్కడుంటుంది? మనిషి నడిచేంత వడి, మూడు నుంచి ఎనిమిది అడుగుల లోతు, అడుగున తలకాయంత రాళ్లు ఉన్నచోట చూడండి. వడి నీళ్లు, నిదానం నీళ్లు పక్కపక్కన పారే గీత దగ్గర తప్పకుండా వేయాలి. వానకి ఏరు పొంగి తీస్తున్నప్పుడు నీళ్లు లేత పచ్చగా మారి రెండు మూడడుగుల లోపలికి కనబడతాయి. అదే అదను. గోల్డ్ బార్ దగ్గరి కొలమానంలో ప్రవాహం పెరుగుతోందో తగ్గుతోందో ఇంట్లోంచే చూసుకుని బయల్దేరండి. నీళ్లు ఎక్కువున్న రోజు చేపలు ఒడ్డుకి పదడుగుల్లోనే ఉండొచ్చు, కాబట్టి మొదటి విసురు దగ్గరికే. రాగానే మోకాలి లోతుకి దిగిపోతే ఆ చేపల్నే తోలేసినట్టు.

ఇదే నది మీద రైటర్ పాండ్స్ హేచరీ, అంటే చేపపిల్లల్ని పెంచి ఏట్లో వదిలే కేంద్రం, ఉంది. అక్కడ జనం భుజానికి భుజం రాసుకుంటూ నిలబడతారు. అక్కడ పెంచి వదిలిన చేపలు అక్కడికే తిరిగొస్తాయి మరి. పక్కవాళ్లని అడిగి నిలబడండి, వరస ప్రకారం విసరండి. ఎవరైనా "ఫిష్ ఆన్!" (చేప పడింది) అని అరిస్తే వెంటనే మీ దారం చుట్టేయండి.

చేప పడ్డాక కంగారు పడకండి. రీలు డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో చూసే బ్రేకు, ముందే మూడు పౌండ్లకి సరిచేసుకోవాలి, స్ప్రింగు త్రాసుతో దారం లాగి చూస్తే తెలుస్తుంది. బిగించి ఉంచితే మొదటి పరుగుకే లీడర్ తెగుతుంది. అది పరిగెడుతుంటే పోనివ్వండి, ఆగినప్పుడు కర్ర పక్కకి వంచి లాగండి.

ఒడ్డు దాకా వచ్చాక నీళ్లలోనే ఉంచి వీపు చూడండి. వెన్ను రెక్కకీ తోకకీ మధ్య చిటికెన వేలంత మెత్తటి రెక్క ఒకటుంటుంది. అది ఉంటే అడవి చేప, వదిలేయాలి. ఆ చోట మానిన మచ్చ మాత్రమే ఉంటే హేచరీ చేప, పిల్లప్పుడే ఆ రెక్క కత్తిరించి వదిలి ఉంటారు. దాన్ని ఉంచుకోవచ్చు. 2007 నుంచి ప్యూజెట్ సౌండ్ (ఈ నది నీళ్లు చివరికి చేరే సముద్రపు పాయ) అడవి స్టీల్‌హెడ్ ముప్పులో ఉన్న చేపల జాబితాలో ఉంది. వదలాల్సిన చేపని ఫోటో కోసం కూడా నీళ్లలోంచి పూర్తిగా ఎత్తకూడదు, వాషింగ్టన్‌లో అది నేరం. తడి చేత్తో తోక మొదలు పట్టుకుని, తల ఎగువకి తిప్పి, తనంతట తను విదిలించుకుని పోయేదాకా ఆగండి. ఎదురుముల్లు లేని ఒంటి హుక్కు వాడితే ఇదంతా అర నిమిషం పని. చాలాచోట్ల నిబంధన కూడా అదే.

పదిహేనేళ్లలోపు వాళ్లకి లైసెన్సు అక్కర్లేదు గానీ పట్టిన చేపల లెక్క రాసే క్యాచ్ కార్డు ఉండాలి. ఉంచుకున్న చేపని అక్కడికక్కడే అందులో పెన్నుతో రాయాలి. ఏ ఏరు ఎప్పుడు మూస్తారో సీజను మధ్యలో కూడా మారుతుంది. బయల్దేరే రోజు పొద్దున రాష్ట్ర మత్స్యశాఖ ప్రకటన చూసుకోండి.

లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలో కాలు పెట్టొద్దు, మోకాలు దాటి దిగొద్దు. వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని పొడుగు తొడుగులు) వేసుకుంటే నడుముకి బెల్టు బిగించాలి, లేకపోతే పడినప్పుడు నీళ్లు కాళ్లలోకి నిండిపోతాయి. పడితే లేచి నిలబడాలని చూడకండి. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకి పెట్టి, వడి తగ్గిన చోట ఒడ్డుకి చేరండి. కారులో పొడి బట్టలు, రెండో జత మేజోళ్లు పెట్టుకోండి.

ఉంటాను,
మీ తాతయ్య