డ్రా మీద ఆల్ ఇన్: ఇద్దరాడే పోకర్‌లో అపోహలు - వాస్తవాలు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పోకర్ నేర్పుతుంటాను. రంగు చిప్పులే తప్ప రూపాయి చేతులు మారదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. కాబట్టి ఇది చదివి ఎవరూ ఫోనులో యాప్ కోసం వెతకవద్దు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది రమ్మీలో చెయ్యి తిరిగినవాళ్లు. కావలసిన ముక్క కోసం ఓపిగ్గా కాచుకోవడం రమ్మీలో సగం ఆట. ఆ అలవాటునే పోకర్ బల్ల దగ్గరికీ మోసుకొస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అపోహ: డ్రా (ఇంకా ముక్క పడితే గానీ పూర్తికాని చెయ్యి) మీద ఆల్ ఇన్ (ఉన్న చిప్పులన్నీ తోసేయడం) పెట్టడమంటే ముక్క పడుతుందని నమ్మి పెట్టడమే.

వాస్తవం: ముక్క పడటం రెండో దారి. మొదటి దారి, ఎదుటివారు తమ ముక్కలు పడేసి ఆ ఆట వదులుకోవడం.

బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా ఇస్పేటు జాకీ, ఇస్పేటు 5, కళావరు 2 తెరిచి ఉన్నాయనుకోండి. మీ చేతిలో ఇస్పేటు 8, 7. ఇంకొక్క ఇస్పేటు పడితే ఫ్లష్. మూడు ముక్కలాటలో కలర్ అనేది ఇదే, కాకపోతే ఇక్కడ ఐదు ముక్కలు కావాలి. మీకు కనబడని 47 ముక్కల్లో ఇస్పేట్లు 9. ఇంకా రెండు ముక్కలు తెరవాలి కాబట్టి కనీసం ఒక ఇస్పేటు పడే అవకాశం 35 శాతం. పాట్‌లో (బల్ల మధ్య పోగైన పందెంలో) 200 చిప్పులున్నాయి, ఇద్దరి దగ్గరా చెరో 600.

మీరే ముందు 600 తోశారు. ఎదుటివారు కాల్ చేస్తే, అంటే తామూ అంతే పెడితే, మొత్తం 1400. అందులో 35 శాతమంటే 490. మీరు పెట్టింది 600 కనుక కాల్ వచ్చిన ప్రతిసారీ సగటున 110 నష్టం. వారు పడేస్తే మాత్రం ఆ 200 అక్కడికక్కడే మీవి. రెండూ కలిపి లెక్క కడితే, వందకు 36 సార్లు వారు పడేస్తే చాలు, మీరు నష్టపోరు.

ఇప్పుడు తిరగేయండి. అవే ముక్కలు, అదే పాట్. ఈసారి 600 ముందు తోసింది వారు. కాల్ చేయాలంటే మీకు 43 శాతం గెలుపు అవకాశం ఉండాలి. ఉన్నది 35. పడేయడమే సరి.

స్టీలుప్లాంటులో రిటైరైన ఒక పెద్దాయనకు ఇది ఎంతకీ మింగుడుపడలేదు. ఆ 8, 7 నా ముఖం ముందు ఆడిస్తూ, "తోస్తే ఒప్పు, కాల్ చేస్తే తప్పా? ముక్కలు అవే కదండీ మాస్టారూ!" అన్నారు. పాట్‌లోని 200 చిప్పుల దొంతరను ఆయన వైపు జరిపాను. "మీరు ముందు తోస్తే ముక్క తెరవకుండానే ఇది మీకు రావచ్చు. కాల్ చేశారంటే ముక్క పడితేనే" అన్నాను. ఆయన చాలాసేపు ఆ దొంతరకేసే చూశారు.

తొమ్మిది మంది బల్ల మీద ఈ ఎత్తు ఇంత బాగా పారదు, ఎవరో ఒకరి దగ్గర మంచి చెయ్యి ఉంటుంది. ఇద్దరే ఉంటే ఇద్దరూ నాసిరకం ముక్కలతో కూడా ఆడక తప్పదు. జత కాని రెండు ముక్కలకు ఫ్లాప్‌లో (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) జత కుదిరేది సుమారు మూడింట ఒక వంతే. అంటే ఎదుటివారికీ చాలాసార్లు ఏమీ తగలదు.

అపోహ: ఫ్లష్ డ్రాకు ధైర్యం ఉంటే చాలు, చిప్పులు లెక్కపెట్టడం దేనికి?

వాస్తవం: ధైర్యం సంగతి తరువాత. పై ఉదాహరణలోనే చెరో 600 బదులు చెరో 200 ఉంటే, ప్రతిసారీ కాల్ వచ్చినా సగటున 10 చిప్పులు లాభమే. చెరో 2000 ఉంటే వారు వందకు 73 సార్లు పడేయాలి. 200 కోసం 2000 తోసేవారిని చూసి అన్నిసార్లు ఎవరు భయపడతారు? టర్న్ ముక్క (బల్ల మీద నాలుగోది) కూడా తెరిచేశాక ఒక్క అవకాశమే మిగులుతుంది, 35 కాస్తా 20 లోపుకి దిగుతుంది. అప్పుడు పాట్ 200, చెరో 200 ఉన్నా, వారు వందకు 29 సార్లయినా పడేయాలి.

ఫ్లాప్ మీద పనికొచ్చే ముక్కల సంఖ్యను నాలుగుతో హెచ్చిస్తే గెలుపు శాతం వస్తుందన్న చిట్కా ఆడేవారందరికీ తెలిసిందే. 9కి 36 వస్తుంది, పరవాలేదు. 9 ఇస్పేటు, 6 ఇస్పేటు, కళావరు 2 మీద అవే 8, 7 ఉంటే ఫ్లష్‌కూ స్ట్రెయిట్‌కూ (వరుసగా ఐదు ముక్కలు) కలిపి పనికొచ్చేవి 15. చిట్కా 60 అంటుంది, అసలు లెక్క 54. అయినా ఒక జత ఉన్నవారికన్నా మీదే పైచెయ్యి, అక్కడ కాల్ చేసినా తప్పు లేదు.

అపోహ: ఆసు ఉన్న డ్రాతోనే ఆల్ ఇన్ పెట్టాలి.

వాస్తవం: నా మట్టుకు నాకు చిన్న డ్రాలే తోయడానికి ఇష్టం. 8, 7తో తోసినప్పుడు రాజు, రాణి పట్టుకున్నవారు పడేస్తే, ఆ క్షణానికి నాకన్నా పెద్ద చెయ్యి తప్పుకున్నట్టే. ఆసుతో తోస్తే వారు అవే ముక్కలు పడేస్తారు, కానీ వాటిని ఆసు ఎలాగూ ఓడిస్తోంది. ఇద్దరి ఆటలో ఎదుటివారికి ఇంకా పెద్ద ఫ్లష్ ఉంటుందన్న భయం మరీ పెద్దది కాదు. భయపడితే ఒకే అంకె ముక్కలు మూడున్న చేతికి భయపడాలి, అప్పుడు 35 శాతం 25 దగ్గరికి జారుతుంది.

అపోహ: ఇందాకటి నుంచి ఒక్కటీ పడలేదు, ఈసారి పడి తీరుతుంది.

వాస్తవం: కలిపిన కట్టకు జ్ఞాపకం ఉండదు.

అపోహ: ఫలానా చేతికి ఫలానా ఎత్తు అని కంప్యూటర్ తేల్చేసింది.

వాస్తవం: 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి కంప్యూటర్ ప్రోగ్రామ్ లిబ్రాటస్ నలుగురు మేటి ఆటగాళ్లతో ఒక్కొక్కరితో విడివిడిగా, మొత్తం 1,20,000 చేతులు ఆడి గెలిచింది. అది ఒకే రకం చేతిని ఒకసారి తోస్తుంది, ఇంకోసారి చెక్ చేస్తుంది, అంటే పందెం పెట్టకుండా వంతు వదిలేస్తుంది. ఎప్పుడు ఏది చేస్తుందో అంతుపట్టకపోవడమే దాని బలం.

అయితే ఈ లెక్కలన్నీ ముక్కలు పడేయడం తెలిసినవారి మీదే పనిచేస్తాయి. చేతిలో వట్టి 2 ఉన్నా "చూద్దాం పదండి" అని కాల్ చేసేవారు ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు. వారి ముందు 600 తోస్తే పైన చెప్పినట్టు సగటున 110 నష్టం ఖాయం. బటన్ (పంచేవారి గుర్తు) మీదే అయితే ఫ్లాప్ తరువాత ఆడే వంతు మీకు చివర వస్తుంది. వారు చెక్ చేస్తే మీరూ చెక్ చేసి, తరువాతి ముక్కను ఉచితంగా చూడండి. ఇస్పేటు పడ్డాక అప్పుడు తోయండి, వారు ఎలాగూ కాల్ చేస్తారు.