తేలిక ఫ్లైవీల్: బరువు కన్నా అంచు ముఖ్యం

ఫ్లైవీల్ అంటే ఇంజిన్ క్రాంక్ చివర బిగించి, దాని తిరుగుడు నిలకడగా ఉంచే బరువైన చక్రం. తేలికది వేస్తే హార్స్‌పవర్ పెరగదు. ఫ్లైవీల్‌ వేగం పెంచడానికి ఇంజిన్ పెట్టే శక్తి మాత్రం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో బరువొక్కటే చెప్పదు. జడత్వ భ్రామకం (తిరుగుడు వేగం మారకుండా చక్రం ఎంత మొరాయిస్తుందో చెప్పే అంకె) వ్యాసార్థం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అంచున తీసిన అర కిలో, సగం వ్యాసార్థం దగ్గర తీసిన 2 కిలోలతో సమానం. కొనేటప్పుడు బరువుతో పాటు జడత్వ భ్రామకం కూడా అడగండి.

14 సెం.మీ. వ్యాసార్థం, ఒకే మందం ఉన్న 8 కిలోల బిళ్ల తీసి అదే ఆకారంలో 5 కిలోలది వేశారనుకుందాం. టైరు వ్యాసార్థం 30 సెం.మీ., మొదటి గేర్‌లో మొత్తం నిష్పత్తి (చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు ఇంజిన్ తిరిగే చుట్లు) 14 అయితే, పికప్ దాదాపు 64 కిలోల బరువు దించినట్టు ఉంటుంది. ఐదో గేర్‌లో నిష్పత్తి 3.2, అక్కడ లాభం 3 కిలోల పైచిలుకే. అందుకే ఔటర్ రింగ్ రోడ్డు మీద టాప్ గేర్‌లో తేడా తెలియదు.

నష్టం సిగ్నళ్ల దగ్గర తెలుస్తుంది. అమీర్‌పేటలో మే నెల ఎండకి ఏసీ వేసుకుని ఆగినప్పుడు, కంప్రెసర్ అందుకోగానే ఐడ్లింగ్ పడిపోతుంది. జూబ్లీహిల్స్ ఎత్తుల్లో క్లచ్ వదలగానే బండి ఆగిపోతుంది. ఆగకుండా క్లచ్ నొక్కిపెట్టి లాగితే ప్లేటు కాలుతుంది. రోజూ నడిపే నాలుగు సిలిండర్ల పెట్రోలు కారుకి జడత్వం పావు వంతుకి మించి తగ్గించకపోవడమే మేలు. మూడు సిలిండర్లయితే అసలు ముట్టుకోకండి. పేలుళ్ల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి వణుకు ఇంకా పెరుగుతుంది.

బాలానగర్‌లో మంచి లేత్ పనివాళ్లున్నారు. అయినా పోత ఇనుము ఫ్లైవీల్‌ని వాళ్ల చేత చెక్కించవద్దు. 7,000 ఆర్‌పీఎం దగ్గర ఆ అంచు సెకనుకు 100 మీటర్లకు పైగా తిరుగుతుంది. పోత ఇనుము లాగుడు బలానికి ఓర్చదు; పగిలితే ముక్కలు బెల్‌హౌసింగ్ (క్లచ్ చుట్టూ ఉండే డొప్ప) చీల్చుకుని డ్రైవర్ కాళ్ల మీదికొస్తాయి. క్రోమ్-మాలిబ్డినం ఉక్కుదే తీసుకోండి, ఎస్‌ఎఫ్‌ఐ 1.1 (రేసింగ్ విడిభాగాల భద్రతా ప్రమాణం) ధ్రువీకరణ ఉంటే మరీ మంచిది. అల్యూమినియందైతే క్లచ్ రాసుకునే చోట ఉక్కు పలక తప్పనిసరి.

బిగించేటప్పుడు క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా మార్చేయండి, దానికోసం మళ్లీ గేర్‌బాక్స్ దించడం దండగ. బోల్టులు కొత్తవి వాడి, ఎదురెదురుగా, కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించాలి. తర్వాత డయల్ గేజ్ (సన్న తేడాలు కొలిచే ముల్లు మీటరు) పెట్టి, తిరిగేటప్పుడు ఫ్లైవీల్ ఊగిసలాట చూడాలి. క్లచ్‌ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుతో కలిపి బ్యాలెన్సింగ్ ముందే చేయించాలి.

పాతది డ్యూయల్ మాస్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండే ఫ్లైవీల్) అయితే కొత్త క్లచ్ ప్లేటుకి స్ప్రింగులుండాలి. అవి లేకపోతే న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది. కొన్ని కార్లలో క్రాంక్ వేగం అతిగా ఎగుడుదిగుడవడం చూసి ఈసీయూ (ఇంజిన్ని నడిపే కంప్యూటర్) మిస్‌ఫైర్, అంటే సిలిండర్లో ఇంధనం సరిగా మండలేదని, అనుకుంటుంది. ప్లగ్గులు, కాయిళ్లు బాగున్నా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే, వాటిని మార్చేముందు ఫ్లైవీల్‌ని అనుమానించండి.