సురభి కమలాబాయి గురించి మా క్లాసులో వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చిక్కడపల్లిలో వారానికి రెండు సాయంత్రాలు రంగస్థల పద్యాలు నేర్పుతాను. అవకాశం వచ్చినప్పుడు నేనూ వేషం కడతాను. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు సురభి కమలాబాయి గారి పేరు ఎత్తుతారు. మొదటి పూర్తి తెలుగు టాకీ (మాటల సినిమా) ‘భక్త ప్రహ్లాద’లో కథానాయిక కదా మరి! ఆ పేరు వెనకే నాలుగైదు అపోహలు కూడా క్లాసులోకి వస్తాయి.

అపోహ: అప్పట్లో ఆడవేషాలన్నీ మగవాళ్ళే వేసేవారు, సినిమా వచ్చాకే ఆడవాళ్ళు నటించారు.

ఆడవేషాలకి పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి విన్నవాళ్ళకి అలాగే అనిపిస్తుంది. చాలా నాటక సమాజాల్లో అది నిజమే కూడా. సురభి లెక్క వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన ఆ నాటక సమాజాన్ని కుటుంబమంతా కలిసి నడిపింది. కూతుళ్ళూ కోడళ్ళూ ఆడవేషాలు కట్టారు. నడక వచ్చిన పిల్లలు ప్రహ్లాదుడో లోహితాస్యుడో అయిపోయేవారు. అన్నట్టు సురభి ఇంటిపేరు కాదు, ఊరిపేరు.

కమలాబాయి పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. వాళ్ళమ్మ గారు నిండు నెలలతో దమయంతి వేషంలో ఉండగా స్టేజీ మీదే నొప్పులు వచ్చాయట. తెర దించి పురుడు పోశారట. జనం మాత్రం అదీ నాటకంలో భాగమే అనుకున్నారట. వినడానికి కల్పనలా ఉంటుంది గానీ, మన శేరిలింగంపల్లి సురభి కాలనీకి వెళ్ళి కాసేపు కూర్చోండి. ఇల్లు ఎక్కడ అయిపోయిందో, స్టేజీ ఎక్కడ మొదలైందో చెప్పలేరు.

అపోహ: ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది 1931 సెప్టెంబరు 15న.

ఏళ్ళ తరబడి పుస్తకాల్లో అలాగే అచ్చయింది. పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు ఆధారాలు తవ్వి తీశాక తేలింది ఏమిటంటే, సెన్సార్ అయిందే 1932 జనవరి 22న. విడుదల ఫిబ్రవరి 6న, బొంబాయిలో. క్విజ్‌లలో ఇప్పటికీ పాత తేదీకే మార్కులు వేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అపోహ: ముఖం బాగుందని సినిమా వాళ్ళు తీసుకున్నారు. పాట, పద్యం అంతా మైకు చూసుకుంది.

ఇది వింటే మాత్రం ఆ రోజు పాఠం పక్కన పెట్టేస్తాను. మైకు ఆపించి, ఒకమ్మాయిని స్టేజీ ఎక్కించి చంద్రమతి పద్యం పాడమంటాను. మిగతా అందరం చివరి వరసలో కూర్చుంటాం. పాపం, గట్టిగా అరుస్తుంది. అరిస్తే అచ్చులు వినిపిస్తాయి, హల్లులు ఎగిరిపోతాయి. రాగం అందుతుంది, మాట అందదు. సమాసం మధ్యలో ఊపిరి తీసిందంటే అర్థం రెండు ముక్కలవుతుంది. అందుకే పద్యం చేతికివ్వగానే ఊపిరి ఎక్కడ తీయాలో పెన్సిల్‌తో గీతలు పెట్టిస్తాను. ఆ గీతలు చూడకుండా పాడటానికి మావాళ్ళకి ఆరు నెలలు పడుతుంది. కమలాబాయి గారికి ఆ గీతల అవసరం ఉండి ఉండదు. చిన్నప్పటి నుంచీ మైకు లేని పందిళ్ళలో, వన్స్ మోర్‌లు కొట్టే జనం ముందు పాడిన గొంతు అది.

తొలి టాకీల్లో ప్లేబ్యాక్ లేదు. నటించేవాళ్ళే, నటిస్తూనే పాడాలి. వాద్యాల వాళ్ళు కెమెరాకి కనపడకుండా పక్కనే కూర్చుని వాయించేవారు. చరణం చివర తడబడితే మళ్ళీ మొదటినుంచి తీయాలి. అందుకే ‘భక్త ప్రహ్లాద’ దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి గారు నేరుగా నాటకాల వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. తీసిన కథ కూడా ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి నాటకమే. హిరణ్యకశిపుడు వేసిన మునిపల్లె సుబ్బయ్య గారిదీ రంగస్థలమే. పాటలు మన ఖమ్మం వైపు చందాల కేశవదాసు గారు రాశారు, ఆయనా నాటకాల మనిషే. 1932లోనే కమలాబాయి ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత, ‘శకుంతల’లో శకుంతల అయ్యారు. ఆ వెనక వచ్చిన కన్నాంబ గారిదీ అదే దారి. స్టేజీ నుంచి వచ్చి 1935లో ‘హరిశ్చంద్ర’లో చంద్రమతి వేశారు. ఏలూరు ఆవిడ, తమిళ ‘మనోహర’లో డైలాగులు చెప్పి తమిళుల చేతే చప్పట్లు కొట్టించుకున్నారు. ముఖం చూసి ఎవరూ అలా చప్పట్లు కొట్టరు.

అపోహ: అప్పుడు కూడా సినిమా అంటే హైదరాబాదే.

కాదు. బొంబాయి, కలకత్తా, ఆ తర్వాత మద్రాసు. హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్ కబుర్లన్నీ చాలా తర్వాతివి.

అపోహ: ‘భక్త ప్రహ్లాద’ యూట్యూబ్‌లో ఉంది, నేను చూశాను.

మొన్న ఒక కుర్రాడు ఈ మాటే పట్టుపట్టాడు. కమలాబాయి గారు వేసింది ప్రహ్లాదుడి తల్లి లీలావతి వేషం కదా, లీలావతి ఎలా ఉందిరా అని అడిగాను. “అంజలీదేవి గారు బాగా చేశారు మేడమ్” అన్నాడు. వాడు చూసింది 1967 నాటి రంగుల సినిమా. మొదటి దాని ప్రింటు మనకి మిగల్లేదు. అది వినగానే వాడి మొహం వాడిపోయింది.

“మరి ఆవిడ గొంతు వినాలంటే ఎలా మేడమ్?”

‘పాతాళ భైరవి’ పెట్టుకుని తోట రాముడి తల్లిని చూడమన్నాను. 1951 సినిమా, అప్పటికి ఆవిడ అమ్మ వేషాల్లోకి వచ్చేశారు. మాట పడే తీరు ఒక్కటే గమనించు, హల్లులు ఎలా పడుతున్నాయో విను అని చెప్పి పంపించాను.

రాత్రి పన్నెండింటికి వాడి మెసేజ్ వచ్చింది. “మేడమ్, ఈవిడా! మా నాన్నమ్మతో కూర్చుని పది సార్లు చూశాను. పేరే తెలీదు.”