ఆరు శాతం ఓట్లకు సీటు వస్తుందా?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14 అసెంబ్లీ సీట్లుంటే, 2024లో పద్నాలుగూ కూటమికే పోయాయి. అంతకుముందు 2019లో కర్నూలులో 14కి 14, కడపలో 10కి 10 వైఎస్సార్‌సీపీ ఊడ్చేసింది. ఓడినవాళ్లకు ఆ జిల్లాల్లో ఓట్లే పడలేదా అంటే, లక్షల్లో పడ్డాయి. రాష్ట్రమంతా కలిపి చూస్తే 2024లో 39 శాతానికి పైగా ఓట్లు వచ్చిన పార్టీకి 175లో దక్కినవి 11. 2019లో ఇంచుమించు అంతే శాతం తెచ్చుకున్న తెలుగుదేశానికి 23. ఇక చిన్న పార్టీల సంగతి చెప్పాలా? ఆ ఏడాది జనసేనకు ఐదున్నర శాతం ఓట్లొస్తే, గెలిచింది రాజోలు ఒక్కటే.

డోన్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "దామాషా పద్ధతి పెడితే చిన్న పార్టీలు బతికిపోతాయి కదండీ?" బతుకుతాయి. కాకపోతే దామాషాలో ఏ రకం అన్నది తేల్చుకోకుండా ఆ మాట చెప్పలేం.

దామాషా అంటే ముప్పై శాతం ఓట్లకు ముప్పై శాతం సీట్లు, అంతవరకు బడి పుస్తకాల్లోనే ఉంది, దాన్ని వదిలేద్దాం. అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. 14 సీట్లలో ఆరు శాతం అంటే 0.84 సీటు. ఎమ్మెల్యేను కోసి పంచలేం కదా, ఈ 0.84ను ఏం చేయాలి? భిన్నాలు ఎందుకు నేర్చుకోవాలని పిల్లలు అడిగితే మన మేష్టార్లు ఇప్పటికీ రొట్టె ముక్కల దగ్గరే ఆగిపోతారు. ఈ లెక్క చెబితే క్లాసులో ఒక్కడూ నిద్రపోడు.

అనంతపురం 14 సీట్లనూ ఒకే నియోజకవర్గంగా అనుకోండి. ఓట్లు లక్ష. శెనక్కాయ పార్టీకి 46,000, చీనీ పార్టీకి 38,000, కంది పార్టీకి 10,000, దానిమ్మ పార్టీకి 6,000 వచ్చాయి. బెల్జియం న్యాయవాది విక్టర్ డోంట్ 1878లో చెప్పిన పద్ధతి ఇది: ప్రతి పార్టీ ఓట్లనూ 1, 2, 3, 4... అంటూ భాగించుకుంటూ పోవాలి. వచ్చిన అంకెలన్నీ పెద్దదాని నుంచి వరుసలో పెట్టి, పై 14 తీసుకోవాలి. 46,000 మొదటిది, 38,000 రెండోది, 23,000 మూడోది... అలా వెళ్తే కంది పార్టీ 10,000 ఎనిమిదో చోట కూర్చుంటుంది. పదమూడోది శెనక్కాయ పార్టీ ఏడో భాగం 6,571. పద్నాలుగోది చీనీ పార్టీ ఆరో భాగం 6,333. అక్కడితో సీట్లు అయిపోయాయి. పదిహేనో అంకె దానిమ్మ పార్టీ 6,000. ఫలితం 7, 6, 1, 0.

దీన్ని బస్సు టికెట్‌లా చూస్తే లోపల జరిగేది కనిపిస్తుంది. టికెట్ ధర అందరికీ ఒకటే, 6,333 ఓట్లు. కండక్టర్ చిల్లర వెనక్కివ్వడు. శెనక్కాయ పార్టీ ఏడు టికెట్లు కొని 1,669 ఓట్ల చిల్లర పోగొట్టుకుంది. చీనీ పార్టీకి ఆరు టికెట్లు పోను మిగిలింది రెండంటే రెండే ఓట్లు. కంది పార్టీకి ఒకే టికెట్, దాని మీద పోయిన చిల్లర 3,667. దానిమ్మ పార్టీ దగ్గరున్నదంతా చిల్లరే. ఏడు టికెట్లు కొనేవాడికి ఆ నష్టం ఓ మూలకు రాదు, ఒక్క టికెట్ కొనేవాడికి నడ్డి విరుగుతుంది.

1910లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఆంద్రె సాంత్-లాగ్ ఇంకో దారి చెప్పాడు. 1, 2, 3 బదులు 1, 3, 5, 7 అంటూ బేసి సంఖ్యలతో భాగించమన్నాడు. చూడ్డానికి చిలిపి మార్పు. కానీ ఈసారి కండక్టర్ మనసు మారింది: టికెట్ ధరలో సగానికి మించి చేతిలో ఉంటే సీటు ఇచ్చేస్తాడు, సగం లేకపోతే ఇవ్వడు. ధర 7,000 అనుకుంటే శెనక్కాయకు 6.57, అంటే 7. చీనీకి 5.43, అంటే 5. కందికి 1.43, అంటే 1. దానిమ్మకు 0.86, అంటే 1. ఇందాక పదిహేనో చోట గుమ్మం బయట నిలబడ్డ 6,000 ఇప్పుడు తొమ్మిదో చోట దర్జాగా లోపలుంది. ఓటు ఒక్కటీ మారలేదు.

స్కాండినేవియావాళ్లకు ఇది మరీ ఉదారంగా అనిపించి మొదటి భాజకాన్ని 1 నుంచి 1.4కు పెంచారు. అంటే తొలి సీటు కాస్త ప్రియం, తర్వాతివి మామూలే. మన దానిమ్మ పార్టీ 6,000 అప్పుడు 4,286 అవుతుంది, తొమ్మిదో చోటు నుంచి పదకొండుకు జారుతుంది, అయినా బతుకుతుంది. స్వీడన్ 2018 నుంచి దాన్ని 1.2కు తగ్గించింది.

మళ్లీ డోంట్ దగ్గరికే వద్దాం, ఇంకో తమాషా మిగిలింది. కంది, దానిమ్మ పార్టీలు ఎన్నికల ముందే కలిసిపోతే 16,000. సగం చేస్తే 8,000. ఆ అంకె పై 14లో ఉంటుంది, అంటే రెండు సీట్లు. పోయేది చీనీ పార్టీ ఆరో సీటు. చిల్లర కలుపుకుంటే టికెట్ వచ్చిందన్నమాట. డోంట్ పద్ధతి చిన్న పార్టీలను పొత్తుల వైపు తోస్తుందనడానికి కారణం ఇంతే, రాజనీతి ఏమీ లేదు. నామినేషన్ వేయడానికి రాహుకాలం చూసుకుని గంటల తరబడి కారులో కూర్చునే అభ్యర్థులు, ఆ సమయంలో ఈ భాగహారం ఓసారి చేసుకుంటే ఎక్కువ లాభం.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది. అదే జిల్లాను ఏడేసి సీట్ల రెండు నియోజకవర్గాలుగా విడగొట్టండి. ఓట్ల శాతాలు రెండు చోట్లా అవే, పద్ధతి డోంట్‌దే. ప్రతి చోటా 4, 3 చొప్పున పెద్ద పార్టీలు పంచుకుంటాయి, కంది పార్టీ 5,000 సరిగ్గా ఎనిమిదో అంకె అవుతుంది. మొత్తం 8, 6, 0, 0. పది శాతం ఓట్లున్న పార్టీ మాయం. ఒక్కో సీటు చొప్పున 14 ముక్కలు చేస్తే, ఓట్లు అంతటా ఒకేలా పరుచుకుని ఉన్నప్పుడు, 14-0. అంటే ఇప్పుడు మనకున్నదే! దామాషాకూ మన పద్ధతికీ మధ్య గోడేమీ లేదు. నియోజకవర్గానికి ఎన్ని సీట్లన్న సంఖ్యను 14 నుంచి 1కి దించుకుంటూ వస్తే ఒకటి రెండోదైపోతుంది. నెదర్లాండ్స్ దీనికి రెండో కొస: దేశమంతా ఒకే నియోజకవర్గం, 150 సీట్లు. అక్కడ జంతువుల హక్కుల పార్టీ 2006లో రెండు శాతం లోపు ఓట్లతో రెండు సీట్లు గెలిచింది. 2021లో 17 పార్టీలు సభలోకి వచ్చాయి.

ఇంత గుంపు వద్దనుకున్న దేశాలు కనీస శాతం పెట్టాయి. జర్మనీలో 5. 2025లో సారా వాగెన్‌క్నెక్ట్ పార్టీకి 4.98 శాతం వచ్చింది, సీట్లు సున్నా. టర్కీలో ఆ హద్దు 10 శాతం ఉన్న రోజుల్లో, 2002లో, రెండే పార్టీలు గట్టెక్కాయి. 34 శాతం ఓట్లకు ఏకేపీ అనే పార్టీకి 550లో 363 సీట్లు! దాదాపు 46 శాతం ఓట్లు గాలికి పోయాయి. దీన్ని కూడా దామాషా అనే అన్నారు. 2022లో హద్దును 7కు దించారు. న్యూజీలాండ్‌లో 5 శాతమైనా రావాలి, లేదా ఒక్క స్థానిక సీటైనా గెలవాలి. 2008లో 4.07 శాతం వచ్చిన న్యూజీలాండ్ ఫస్ట్‌కు ఏమీ దక్కలేదు. 3.65 శాతం వచ్చిన యాక్ట్ పార్టీ ఎప్సమ్ అనే ఒక్క చోట గెలిచినందుకు ఐదు సీట్లతో సభలో కూర్చుంది.

మన దేశంలో ఇవి లేవనుకోవద్దు. రాజ్యసభ ఎన్నికలు రాజ్యాంగం ప్రకారం దామాషా పద్ధతివే. ఒకే ఓటులో మొదట ఎవరు, తర్వాత ఎవరు అని ప్రాధాన్యాలు రాస్తారు. 175 మంది ఎమ్మెల్యేలు మూడు సీట్లకు ఓటేస్తే, 175ను సీట్ల కన్నా ఒకటి ఎక్కువతో, అంటే నాలుగుతో భాగించి, దాన్ని దాటాలి కాబట్టి 44 మంది కావాలి. 11 మంది ఉన్న పార్టీకి ఏ కోశానా అందదు.

రాష్ట్రపతి ఎన్నికనూ రాజ్యాంగం 'దామాషా' అనే పిలుస్తుంది, ఉన్నది ఒక్క సీటైనా సరే. 1969లో దాని రుచి చూసింది అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్యంలో వి.వి. గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్ల విలువ వచ్చింది. గెలుపుకు కావలసింది 4,18,169. కిందివాళ్లను తొలగించి రెండో ప్రాధాన్యాలు పంచాక గిరి 4,20,077కు చేరారు, రెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. అంటే గిరికి కలిసింది 18 వేల చిల్లర, రెడ్డికి దాదాపు 92 వేలు. మూడో స్థానంలో ఉన్నాయన వెనకున్నవాళ్లు ఎక్కువగా రెడ్డి వైపే మొగ్గారు, అయినా చాలలేదు. 1977లో ఆయన ఏకగ్రీవంగా ఎన్నికైనప్పుడు ఈ లెక్కల అవసరమే పడలేదు.