చక్రం చేతికి చెప్పే పాఠం

సైన్స్ మ్యూజియంలో పిల్లల్ని అన్నీ ముట్టుకోనిస్తున్నారు, దానివల్ల చదువు వస్తుందా, ఆట మిగులుతుందా అని ఒక పాఠకురాలు అడిగారు. ముట్టుకున్నాక దేన్ని మార్చగలిగారన్నదే అసలు సంగతి. మీట నొక్కగానే లైట్లు వెలిగి, రికార్డు చేసిన గొంతు పాఠం అప్పజెప్పేస్తే అక్కడ చేతికి పనేమీ లేదు.

తిరిగే కుర్చీ, సైకిల్ చక్రం ఉన్న ఎగ్జిబిట్ అలా కాదు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఇరుసుకు రెండు వైపులా పిడులుంటాయి. చక్రం నేలకు సమాంతరంగా ఉండేలా పట్టుకుని కుర్చీలో కూర్చుంటాం. పక్కవాళ్లు దాన్ని గట్టిగా తిప్పి వదులుతారు. కుర్చీ కదలదు. ఇప్పుడు చక్రాన్ని తలకిందులు చేయబోతే మొండికేస్తుంది, ఒకవైపు నెడితే ఇంకోవైపు లాగుతుంది. ఎలాగో తిరగేసేసరికి కుర్చీతో సహా మనమే గిర్రున తిరుగుతాం! మళ్లీ మొదట్లా పెడితే ఆగిపోతాం.

కిలో, మీటరు, సెకను కొలతల్లో లెక్క చూద్దాం. 2 కిలోల చక్రం, బరువంతా 30 సెంటీమీటర్ల దూరంలో రిమ్ము మీదే ఉందనుకుంటే జడత్వ భ్రామకం (తిరుగుడును మార్చబోతే ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత) 0.18. సెకనుకు 4 చుట్లు తిరిగితే కోణీయ ద్రవ్యవేగం (ఆ కొలతను తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది) దాదాపు 4.5. తిరగేస్తే అది మైనస్ 4.5 అవుతుంది. కుర్చీ నిలువు ఇరుసు చుట్టూ మొత్తం కోణీయ ద్రవ్యవేగం మారకూడదు గనక 9 మన వాటాకు వస్తుంది. మనిషి, కుర్చీ కలిపి జడత్వ భ్రామకం 3 అనుకుంటే, రాపిడి లేనప్పుడు దాదాపు 2 సెకన్లకో చుట్టు! చక్రాన్ని తిరగేయడానికి చేతులు వేసిన టార్క్ (మెలితిప్పే బలం) ఎదురు తిరిగి మన మీదే పడింది. చక్రం మొండికేసిందని అనిపించింది అందుకే. క్లాసులో ముందు వెక్టర్లు, కుడిచేతి నియమం చెప్పి, ఉదాహరణ చివర్లో టైముంటే చెబుతారు. నేనైతే కుర్చీతోనే మొదలుపెడతాను.

అదే చక్రాన్ని గట్టిగా తిప్పి, ఇరుసు అడ్డంగా ఉండేలా ఒక కొసన తాడు కట్టి వేలాడదీస్తే, పడిపోకుండా తాడు చుట్టూ మెల్లగా తిరుగుతుంది. దీన్ని చూపించి గురుత్వాకర్షణను జయించామనేవాళ్లు ఉన్నారు. తాడుకు పైన ఒక స్ప్రింగ్ త్రాసు తగిలిస్తే చాలు, చక్రం నిలకడగా తిరుగుతున్నప్పుడు కూడా పూర్తి బరువే చూపిస్తుంది. చక్రం వేగం తగ్గేకొద్దీ తాడు చుట్టూ తిరగడం జోరందుకుంటుందని కూడా అక్కడే కనిపెట్టవచ్చు.

సందర్శకుల చేతికే ప్రయోగాన్ని ఇచ్చే ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన ఎక్స్‌ప్లొరటోరియం. స్థాపకుడు ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ భౌతిక శాస్త్రవేత్త, కొన్నాళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పినవాడు. ఎగ్జిబిట్లు తయారుచేసే వర్క్‌షాపును సందర్శకులకు కనిపించేలా పెట్టాడు. ఎలా చేయాలో పుస్తకాలుగా అచ్చువేసి ఇతర మ్యూజియాలకూ అందించారు. దాచుకోకపోవడం నాకు చాలా నచ్చింది.

అంతరిక్షంలో ఉన్న హబుల్ టెలిస్కోపు ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రం వైపు తిరిగేది కూడా లోపలి చక్రాల వేగం మార్చుకునే. గ్యాస్ చిమ్మి తిరిగితే అద్దాలు మురికైపోతాయి. అది తిరిగేది ఎంత మెల్లగా అంటే, గడియారంలో నిమిషాల ముల్లంత. 90 డిగ్రీలు తిరగడానికి 15 నిమిషాలు. కుర్చీలో కూర్చున్న పిల్లకు ఈ సంగతి చెప్పాల్సింది ఆమె గిర్రున తిరిగి ఆగిన తర్వాతే, ముందు కాదు.