తెర మీది మాట, లాగ్‌లోని మాట

ఫారం అంతా నింపి, చివర్న డబ్బు కట్టే బటన్ నొక్కగానే తెర నిండా అర్థంకాని అక్షరాలు. ఏవో ఫైళ్ల పేర్లు, లైన్ నంబర్లు, మధ్యలో ‘నల్ పాయింటర్ ఎక్సెప్షన్’. ఇక టెన్షన్ మొదలు. డబ్బు పోయిందా? మళ్లీ నొక్కొచ్చా? కట్టేవాళ్లకు కావలసినవి ఈ రెండు జవాబులే. తెర మీద అవి తప్ప అన్నీ ఉన్నాయి.

అలాగని ఆ అక్షరాలు చెత్త కాదు. దాన్ని స్టాక్ ట్రేస్ అంటారు. ప్రోగ్రామ్ ఏ లైన్ దగ్గర ఆగిందో, ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తూ అక్కడిదాకా వచ్చిందో వరసగా చెబుతుంది. రిపేరు చేసే ఇంజినీరుకు అది ప్రాణం. కాకపోతే అది ఉండాల్సింది సర్వర్ లాగ్‌లో, అంటే తనలో జరిగేవాటిని సర్వర్ రాసిపెట్టుకునే ఫైలులో.

తెర మీదికి వస్తే నష్టం గందరగోళంతో ఆగదు. లాగిన్ పెట్టెలో కావాలనే ఒక కొటేషన్ గుర్తు టైప్ చేసి, డేటాబేస్ ఏమని గోల పెడుతుందో చూసేవాళ్లుంటారు. ఆ గోలలోంచే టేబుళ్ల పేర్లు, కాలమ్‌ల పేర్లు ఏరుకుంటారు. అంత కూడా అక్కర్లేదని 1998లో గూఢలిపి నిపుణుడు డేనియల్ బ్లైకెన్‌బాకర్ చూపించాడు. ఆర్‌ఎస్‌ఏ అనే గూఢలిపి పద్ధతితో రహస్యంగా మార్చిన సందేశాన్ని విప్పాక, దాని అమరిక సరిగ్గా ఉందో లేదో సర్వర్ ఎర్రర్ రూపంలో బయటపెడితే చాలు. కొద్దికొద్దిగా మార్చిన సందేశాలను లక్షల సంఖ్యలో పంపి, ఆ ‘సరే’, ‘కాదు’ల నుంచే, తాళంచెవి లేకుండా అసలు సందేశాన్ని రాబట్టొచ్చు. అందుకే బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య మాటల్ని రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్ పద్ధతికి 1999లో వచ్చిన ప్రమాణం అమరిక తప్పిన సందేశానికీ సరైనదానికీ బయటికి తేడా తెలియనివ్వొద్దని చెప్పింది. లాగిన్ పేజీలు ‘యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు’ అని రెండూ కలిపి చెప్పడంలోనూ ఇదే జాగ్రత్త ఉంది. ఫలానా పేరుతో ఖాతా ఉందో లేదో బయటివాళ్లకు తెలియకూడదు.

దీనికి భయపడి చాలామంది అన్నిటికీ ‘ఏదో పొరపాటు జరిగింది’ అని రాసేస్తారు. నాకు ఇదీ అంతే అన్యాయంగా అనిపిస్తుంది. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ పద్ధతిలో 4తో మొదలయ్యే కోడ్‌లు అడిగినవాళ్ల వైపు తప్పుకి, 5తో మొదలయ్యేవి సర్వర్ వైపు తప్పుకి. ఈ విభజన ఇక్కడ బాగా పనికొస్తుంది. ఫైలు పెద్దదైతే ఎంత సైజు దాకా తీసుకుంటారో కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే అది మనిషి సరిదిద్దుకోగలిగిన తప్పు. సర్వర్ లోపల ఏది విరిగిందో మాత్రం చెప్పక్కర్లేదు. విరిగినందువల్ల ఆ మనిషి పని ఏమైందో చెప్పాలి.

డబ్బు విషయంలో ప్రోగ్రామ్‌కే సంగతి తేలకపోతే ఆ మాటే రాయాలి: ‘చెల్లింపు పూర్తయిందో లేదో ఇంకా తెలియలేదు. దయచేసి మళ్లీ కట్టకండి. రిఫరెన్స్ నంబర్ 48213.’ అదే నంబరు లాగ్‌లో స్టాక్ ట్రేస్ పక్కన పడుతుంది. ఫోన్‌లో ఆ ఐదంకెలు చదివి వినిపిస్తే చాలు, అవతలి ఇంజినీరు వాటిని లాగ్‌లో వెతికి, ప్రోగ్రామ్ ఆగిన లైన్ దగ్గరికి నేరుగా వెళ్లిపోతాడు.