గుక్క తిప్పుకోని సన్నాయి: అపోహలు - వాస్తవాలు

పెళ్లిలో గట్టిమేళం అందుకున్నాక తాళి ముడి పడేదాకా సన్నాయి ఆగకూడదు. పోయిన మాఘమాసంలో నెల్లిమర్ల దగ్గర ఒక పెళ్లిలో పదేళ్ల కుర్రాడు అక్షింతలు వెయ్యడం కూడా మర్చిపోయి నా బుగ్గలకేసే చూస్తూ నిలబడ్డాడు. మేళం ఆగగానే దగ్గరికొచ్చి అడిగాడు: "మాస్టారూ, మీరసలు ఊపిరెప్పుడు తీసినారు?"

ముప్పై ఏళ్లుగా పెద్దవాళ్లు కూడా నన్ను ఇదే అడుగుతున్నారు. అడగనివాళ్లు తమకు తోచింది నమ్మేస్తారు.

అపోహ: వాయించేవాడు అసలు గాలే పీల్చుకోడు. లేదా ఊపిరితిత్తులతోనే ఒకేసారి పీలుస్తూ వదులుతూ ఉంటాడు.

రెండూ జరగని పనులే. ఊపిరితిత్తి అన్న మాటలోనే తిత్తి ఉంది కదా, అక్కణ్ణించే మొదలుపెడదాం. పాతకాలపు కొలిమి దగ్గర రెండు తోలు తిత్తులు ఉండేవి. ఒకటి గాలి నింపుకుంటుంటే రెండోది ఊదేది. నిప్పుకి గాలి ఆగేది కాదు. సన్నాయి వాయించేటప్పుడు ఛాతీ పెద్ద తిత్తి, బుగ్గలు చిన్న తిత్తి. ఛాతీలో గాలి ఇంకా కొంచెం ఉండగానే బుగ్గలు నింపుకోవాలి. అప్పుడు నాలుక వెనక భాగం పైకి లేచి, కొండనాలుక దగ్గర నోటికీ గొంతుకీ మధ్య తలుపు వేసేస్తుంది. బుగ్గలు బిగించి ఆ కాస్త గాలినీ పీకలోకి (గొంతు కాదు, సన్నాయి కొసన పెదాల మధ్య పట్టే ఊదుడు పీక) నెడుతూ, అదే సమయంలో ముక్కుతో ఒక్క ఎగపీల్పు పీల్చాలి. బుగ్గల్లో గాలి సెకనో రెండు సెకన్లో వస్తుంది, అంతే. ఆలోగా పెద్ద తిత్తి నిండాలి, తలుపు తెరుచుకోవాలి. ఇంగ్లీషులో సర్క్యులర్ బ్రీతింగ్ అనేది ఇదే. అంటే గుక్క తిప్పుకుంటున్నాం, వినేవాళ్లకి తెలియనివ్వడం లేదు.

అపోహ: దీనికి పెద్ద ఛాతీ, గట్టి దమ్ము కావాలి. వంశంలో ఉంటేనే వస్తుంది.

నా చిన్నప్పుడు మా వీధిలో బంగారం పనిచేసే ఆచారిగారు ఉండేవారు. బక్కపలచని మనిషి. వంకర ఊదుగొట్టంతో దీపం మంటని నగ మీద అతుకు దగ్గరికి ఊదేవారు. అతుకు కరిగేదాకా మంట వణికేది కాదు, బుగ్గ మాత్రం ఉబ్బుతూ తగ్గుతూ ఉండేది. సన్నాయి పట్టకముందే నేను చూసిన మొదటి విద్వాంసుడు ఆయనే. పాములవాళ్లు సొరబుర్ర నాగసరం ఊదేదీ ఇలాగే. ఇక వంశం మాటంటారా, 1919లో పెట్టిన మన విజయనగరం సంగీత కళాశాలలో నాదస్వరం, డోలు పాఠాలుగానే చెబుతారు. నేర్చుకుంటే వచ్చే విద్య కాబట్టే కదా.

ఈ అపోహ వల్ల నాకు ప్రాణం మీదకొచ్చింది. మొదట్లో నాకు నేర్పిన ఒకాయన దమ్ము పెరగాలని చెరువులో మునిగి ఊపిరి బిగబట్టమనేవారు. పద్నాలుగో ఏట ఒకరోజు నీళ్లలోనే స్పృహ తప్పితే గట్టు మీదున్న మా చిన్నాన్న జుట్టు పట్టి లాగాడు. ఊపిరి బిగబట్టడం వేరు, ఇది వేరు. పిల్లల చేత అలాంటి సాధన దయచేసి చేయించకండి.

నేను నేర్పేది ఇలా. ముందు నోటినిండా నీళ్లు పట్టించి, పెదాల మధ్య నుంచి సన్నని ధారగా చిమ్ముతూ ముక్కుతో గాలి పీల్చమంటాను. ఎవరికైనా ఐదు నిమిషాల్లో వస్తుంది. నోరూ ముక్కూ వేరువేరుగా పనిచేస్తాయన్న నమ్మకం అక్కడే కుదురుతుంది. తర్వాత గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, బుడగలు ఆగకుండా ఊదడం. స్ట్రా చివర వేళ్లతో కాస్త నొక్కితే గాలి తక్కువ పోతుంది, పని తేలికవుతుంది. ఆ తర్వాత ఒట్టి పీక మీద. ఆఖర్న సన్నాయి. నాకు స్ట్రా మీద మూడు వారాలు పట్టింది, సన్నాయి మీద ఏడు నెలలు.

ఎందుకంత తేడా అంటే, అతుకు. ఛాతీ నుంచి బుగ్గలకి మారే క్షణంలో ఒత్తిడి తగ్గి స్వరం కిందికి జారుతుంది. సన్నాయిలో స్వరస్థానం వేళ్ల మీదే కాదు, ఊదే ఒత్తిడి మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి ఆ జారుడు చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. అందుకే మొదట నిలకడ స్వరం మీద చెయ్యనివ్వను. స్వరాన్ని ఊపే గమకంలోనో, వేగంగా కదిలే సంగతిలోనో (స్వరాల వరసలోనో) గుక్క తిప్పుకుంటే అతుకు అందులో కలిసిపోతుంది. షడ్జం, అంటే 'స' మీద కదలకుండా నిలబడి అతుకు దాచడం చాలా తర్వాతి మాట.

అపోహ: ఎంతసేపు ఆపకుండా ఊదితే అంత గొప్ప.

1997లో కెన్నీ జి అనే అమెరికా కళాకారుడు శాక్సోఫోన్ మీద ఒకే స్వరాన్ని 45 నిమిషాల 47 సెకన్లు నిలబెట్టి గిన్నిస్ రికార్డు కొట్టాడు. ఆ సాధనకి దణ్ణం పెడతాను. కానీ సన్నాయి పీక సందు చాలా సన్నం, గాలి తక్కువ పోతుంది. ఛాతీలో గాలి నిండుగానే ఉంటుంది, అది వాడేసిన గాలి. పైన ఎంత కొత్త గాలి పోసినా పాతది పూర్తిగా బయటికి పోదు. తల దిమ్మెక్కడం, చెవులు హోరెత్తడం అందుకే. మధ్యమధ్య నోరు తీసి పూర్తిగా వదిలెయ్యాలి. పైగా రాగానికి విరామం కావాలి. ఆలాపనలో ఒక వాక్యం ముగిసినచోట ఆగకపోతే విన్నవాడికీ ఊపిరాడదు. తాళి కట్టేటప్పుడు ఆపను. కల్యాణి రాగం ఆలాపనలో ఆపుతాను.

ఇది ఊపిరితిత్తులు పాడుచేస్తుందని కొందరు, ఆస్తమా తగ్గిస్తుందని కొందరు అంటారు. రెండోదాన్ని నమ్మి మందులు మానెయ్యకండి. స్విట్జర్లాండ్‌లో గురక, నిద్రలో ఊపిరాగే సమస్య ఉన్న 25 మందిలో 14 మంది చేత నాలుగు నెలలు డిడ్జిరిడూ (ఆస్ట్రేలియా ఆదివాసుల పొడవాటి ఊదే వాద్యం) ఊదిస్తే, ఊదనివాళ్లతో పోలిస్తే వాళ్లకి పగటి మగత తగ్గిందని 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. అది గొంతు పైభాగం కండరాలకి సంబంధించిన సంగతి, ఆస్తమా మందు కాదు. గ్లకోమా (కంటి జబ్బు), హెర్నియా ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే పీక పట్టండి.

వేణువు మీద కూడా ఇలాగే వస్తుందా అంటే, వస్తుంది గానీ కష్టం. పీకలాంటి అడ్డు లేదు కాబట్టి బుగ్గల్లో గాలి చిటికెలో అయిపోతుంది.

ఆ పెళ్లిలో కుర్రాడికి ఇంత చెప్పలేదు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు గ్లాసు నీళ్లిచ్చి, "పుక్కిట పట్టి సన్నగా చిమ్ము, ముక్కుతో గాలి పీల్చు" అన్నాను. రెండుసార్లు పొలమారింది. మూడోసారికి ధార ఆగకుండా వచ్చింది, చొక్కా అంతా తడిసింది, వాళ్లమ్మ నన్ను కోప్పడింది.